కొంచెం ఎడమకి

యలహంక దాటాక, ద్రాక్షతోటలు కొట్టేసి ప్లాట్లు వేసిన చోట
మా రైఫిల్ క్లబ్బు.
రేకుల షెడ్డు, అయిదు వరసలు, చివర మట్టిగుట్ట.
ఆదివారం పొద్దున ఆరున్నరకి
చాప మీద బోర్లా పడుకుంటాను.
అరవై రెండేళ్లు నాకు.
మోకాళ్ల అభిప్రాయాలు వేరే ఉన్నాయి.

యాభై మీటర్ల అవతల కాగితం.
తూటా కుడికి పోయింది. మళ్లీ కుడికే.
మూడోదీ అక్కడే, రెండో చిల్లు అంచు కొరుక్కుని.
చెయ్యి మంచిదేనన్నమాట.

స్కోపు పక్కన బొటనవేలంత నాబు.
ఒక టిక్కు తిప్పితే మూడున్నర మిల్లీమీటర్లు,
సగం బియ్యపు గింజ.
నాకు కావలసింది నాలుగు టిక్కులు.
రెండు గింజలు. రాజ్యాలేం అడగలేదు.

తిరగదు.
చున్నీ చుట్టి, పళ్లు బిగించి తిప్పితే
కాసేపు రాయిలా కూచుని
ఉన్నట్టుండి గుర్రుమని దూకుతుంది.
ఆరా, ఏడా? అది చెప్పదు.
వెనక్కి తిప్పబోతే మళ్లీ రాయి.
ఒకసారి కటింగ్ ప్లేయరు పెట్టాను.
దాని నల్లరంగు లేచిపోయింది,
నలుగురూ చూస్తుండగా నా పరువూ.

పూణచ్చ గారు, రిటైరైన సుబేదారు, అంటారు:
"బిగువుగా ఉంటేనే మంచిదమ్మా, జీపులో కుదిపినా కదలదు."
నేనే జీపెక్కాను సార్?
రెండు బస్సులు మారి వస్తాను.

ఇరవై మూడేళ్లు జాలహళ్లిలో వాచీలు బిగించిన వేళ్లివి.
వెంట్రుక కంటే సన్నటి స్ప్రింగుని
చిమటా కొసన వణక్కుండా మోసినవి.
ఎక్కడ ఆగాలో వాచీయే చెప్పేది,
గోటి కింది చర్మంతో వినేదాన్ని.
మా సూపర్‌వైజరు నాగలాంబిక అనేది:
"బలం పెట్టావంటే పని రానట్టే లెక్క."
ఫ్యాక్టరీ మూతపడింది.
ఆ మాట మాత్రం రోజూ డ్యూటీకి వస్తూనే ఉంది.

ఈ ఊళ్లో ఇంటి ఓనరు దగ్గర్నుంచి
ముగ్గురి సీట్లో ఇరుక్కునే నాలుగో మనిషి దాకా
"స్వల్ప అడ్జస్ట్ మాడి" అంటారు.
చేశాను.
ట్యాంకరు రాని వారాలు చేశాను,
మెట్రో స్తంభం మా వంటింటి ఎండ తినేసినప్పుడు చేశాను.
ఊరంతటికీ అబ్బిన విద్య
ఈ ఒక్క నాబుకి అబ్బలేదు.

అందుకని నేనే సర్దుకున్నాను.
నడిమధ్య వదిలేసి
కొంచెం ఎడమకి, ఎనిమిదో గడి మీద గురిపెడితే
పదిలో పడేది.
తప్పు చోటు చూసి
ఒప్పు చోట కొట్టడం, నాలుగేళ్లు.
రెండు కప్పులు కూడా వచ్చాయి, స్టీలువి.
ఒకదాంట్లో ఇంగువ డబ్బా పెట్టుకున్నాను.

పోయిన నెల సుల్తాన్‌పేట సందులో
దుర్భిణీలు బాగుచేసే ఇనాయతుల్లా సాబు
నాబు విప్పి, వాసన చూశాడు.
"గ్రీజు గడ్డకట్టింది అక్కా. ఇది పుట్టినప్పటిది."
పెట్రోలు చుక్క, పాత టూత్‌బ్రష్షు,
ఆవగింజంత కొత్త గ్రీజు.
నూట ఎనభై రూపాయలు.
ఈ నాలుగేళ్ల తిట్లన్నీ ఆవగింజంత జిడ్డుకే తిట్టానా!

తిప్పాను.
టిక్.
టిక్.
గోటి కింద జాలహళ్లి.

లెక్కగా నాలుగు తిప్పి, ఆదివారం పడుకున్నాను.
తూటా ఎడమకి పోయింది.
మళ్లీ ఎడమకే.
పూణచ్చ గారు అటు చూసి, ఇటు చూసి
"ఏమైందమ్మా సుబ్బరత్నమ్మా?" అన్నారు.

గాజు బాగానే ఉంది సార్.
కన్నే, నేను చెప్పకుండానే పోయి
ఎనిమిదో గడిలో కూచుంటోంది, అలవాటైన సీటులా.
మధ్యకి లాగితే కాసేపు రాయి,
ఉన్నట్టుండి దూకి అవతలి పక్కకి.
దీన్ని విప్పి తుడిచే దుకాణం ఎక్కడో
సాబుని అడగాల్సింది.

డబ్బాలో ఇంకా పద్నాలుగు తూటాలున్నాయి.
నుదురు తుడుచుకుని
ఊపిరి సగం వదిలి
కుడికి,
బలం పెట్టకుండా,
ఇంకో సగం గింజ కుడికి.